పట్టుదారంతో కొలిచిన మనిషి

చావు కబురు చెప్పడానికైనా ఒక పద్ధతుండాలి. నేను లారీ కింద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు పండ్లతో కరిచిపట్టుకుని, తుప్పుపట్టిన బోల్టుతో కుస్తీ పడుతున్నాను. ఎదురుగా ఉన్న లేత్ షాపాయన వచ్చి నా కాళ్ల దగ్గర నిలబడి, మీ ధర్మవరమాయన పోయినాడంట, నెల దాటిందంట అని చెప్పి, ఆ వెంటనే పంతొమ్మిది నంబరు స్పానరుంటే ఇయ్యి అన్నాడు. చెయ్యి బయటికి చాచి స్పానరు ఇచ్చాను. టార్చి నోట్లో ఉంది కాబట్టి ఏమీ అనలేదు. టార్చి తీశాక మళ్లీ ఆ బోల్టు మీదే పడ్డాను.

ధర్మవరం నుంచి మగ్గం సామాను ఏదో బాగుచేయించుకోవడానికి వచ్చినవాడు చెప్పాడట. ఏం జబ్బో, ఎట్లా పోయాడో లేత్ షాపాయనకు తెలియదు. అడగాలని తోచలేదట. పదకొండు నెలలు మా రెండు షాపుల మధ్య తిరిగిన మనిషి గురించి ఈయన టీ తాగుతూ విని ఊరుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం? ఆయన బతికుండగా నేను ఒక్కసారి ధర్మవరం పోయి పలకరించిన పాపాన పోలేదు. ఆయన భార్య మంచంలోంచి లేవలేని మనిషి, పిల్లల్లేరు. ఇప్పుడు ఆమెను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పేదెవరో నాకు తెలియదు. పోయి తెలుసుకునే ధైర్యమూ లేదు.

హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన నాది రేకుల షెడ్డు. ఆయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఆయనకు ఒక పేరుంది గానీ నేను ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. షెడ్డులో అందరికీ ధర్మవరమాయన, ఎదురుగా ఉంటే అన్న. సన్నటి మనిషి, మెడ కొంచెం ముందుకు వంగి ఉండేది. తెల్లచొక్కా, పంచె. ఎడమచేతి బొటనవేలి గోరు మాత్రం పెంచుకున్నాడు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు ఆ గోరుతో గీసి చూసేవాడు. బోల్టు మరలు, బేరింగు అంచు, చివరికి నేనిచ్చిన టీ గ్లాసు కూడా. గీసి, తల ఊపితే ఆ వస్తువు పాసైనట్టు.

ఇంకొకటి, షెడ్డు బయట చెప్పులు విడిచేవాడు. మెకానిక్ షెడ్డు బయట చెప్పులు విడిచే మనిషిని నా ముప్పై ఏండ్ల పనిలో ఆయన్నొక్కణ్ణే చూశాను. లోపల నేలంతా పాత ఆయిలు, ఇనుప రజను. కాలు తెగితే నా మీదికొస్తుంది, తొడుక్కోమని తిట్టేవాణ్ణి. పని జరిగే చోటప్పా, అనేవాడు. గుంటమగ్గంలో కాళ్లు దింపుకుని కూర్చునేవాళ్లకు అది అలవాటట. సాయంత్రానికి ఆయన పాదాలు నల్లగా అయ్యేవి. కొళాయి దగ్గర సబ్బు పెట్టి రుద్దుకుని, వేళ్ల సందులు కూడా తుడుచుకుని, అప్పుడు చెప్పులేసుకుని రైలుకు పోయేవాడు.

మేము చేతులు తుడుచుకోవడానికి వాడే దారపు చిక్కులు మూటల్లో వస్తాయి. మగ్గాల దగ్గర, మిల్లుల దగ్గర మిగిలిన చెత్త అది. ఆయన ఖాళీగా కూర్చోలేడు కదా, ఆ మూట ముందు వేసుకుని చిక్కులు తీసేవాడు. ఇది మా ఊరిది, ఇది మిల్లుది, ఇదేమో పట్టే కాదు అని దారాలకు కులగోత్రాలు చెప్పేవాడు. మంచి పట్టుదారం మూరెడు దొరికితే వేలికి చుట్టి జేబులో వేసుకునేవాడు. ఎందుకన్నా అంటే, ఎవరో కూచోని పేనింటారు గదప్పా, నూనె తుడిచేదానికా, అనేవాడు. నాకు నవ్వొచ్చేది. నవ్వేవాణ్ణి కూడా. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు, పనెంత అవసరంలో ఉన్నా, బయటికి పోయి ఇంటికి ఫోను చేసేవాడు. మాటలు రోజూ అవే. తిన్న్యావా? ఏ పక్కకు పండుకున్యావు? పక్కింటామె వచ్చి తిప్పిందా? అవతల నుంచి ఏం చెప్పేదో గానీ, సరే సరే, ఇంగ రెండు గంటలు ఈ పక్కే ఉండు, అనేవాడు. నేను మొదట్లో ఇదేం మొగుడూ పెళ్లాల మాటలురా అనుకున్నాను. మాకు ఫోనులో కూరగాయలు, కరెంటు బిల్లు తప్ప ఇంకో మాట లేదు. తర్వాత సంగతి తెలిశాక ఆ ఫోను వేళకు నేను గ్రైండర్ ఆపేసేవాణ్ణి.

సంగతి ఇది. ఆమెకు వెన్నెముకలో క్షయ వచ్చింది. జబ్బు తగ్గింది గానీ రెండు ఎముకలు కుంగిపోయాయి. పడుకోవడమే, కూర్చుంటే పది నిమిషాలు. ఆమె పుట్టిల్లు రొద్దం. అక్కడ తల్లి ముసలిది, చెవుడు, కండ్లలో పొర, ఉగాది నుంచి మంచాన పడింది. తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకుని రెండేండ్లయింది. వీడియో కాల్ చేసి ఫోను మొహం దగ్గర పెడితే ముసలామె ఏదో వెలుతురు పడుతోందనుకుని కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకునేదట. ఆమె పోయేలోగా భార్యను తీసుకుపోయి పక్కన పడుకోబెట్టాలి. చెయ్యి చెయ్యి తగిలితే చాలు, గుర్తుపడతాది. ఆయన కోరిక ఇంతే. దీనికోసం నా దగ్గరికొచ్చాడు.

బాడుగ బండి మాట్లాడుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, మూడుసార్లు. రెండుసార్లు మాట దాటేశాడు. మూడోసారి చెప్పాడు.

"గుంత గుంతకూ మూలుగుతాదప్పా. నా ముందరైతే మూలుగుతాది. పరాయి డ్రైవరుంటే పండ్లు బిగబట్టుకోని ఉంటాది. అది ఇంకా నొప్పి."

ఆంబులెన్సు మాటెత్తితే ఆమే ఒప్పుకోలేదట. అది ఎక్కి పుట్టింటికి పోతే చూసినవాళ్లు ఏమనుకుంటారు అందట. కాబట్టి సొంత బండే కావాలి. ఆ బండి ఇంటి ముందర సందులో పన్నెండేండ్లుగా కదలకుండా నిలబడి ఉంది. చీరలు బాగా అమ్మిన కాలంలో వాళ్ల నాయన కొన్న పాత అంబాసిడర్, మీగడ రంగుది. పెళ్లయిన రోజు రొద్దం నుంచి ఆమెను తీసుకొచ్చింది అందులోనే. వెనక సీటు మంచమంత వెడల్పు, మధ్యలో గీత గానీ మిట్ట గానీ లేదు. పెట్రోలు ఇంజను బిగుసుకుపోయింది. కోళ్లు లోపలికి దూరి గుడ్లు పెట్టేవట. ట్రాక్టరుకు కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చాడు. డీజిల్ ఇంజను పెట్టియ్యప్పా, ముప్పై స్పీడు పోతే చాలు, అన్నాడు. రెండు నెలల పని అని చెప్పాను. అక్కడే మొదలైంది నా అబద్ధాల లెక్క.

మా పనివాళ్లకు ఒక మాట ఉంది. రేపు. చెడ్డ ఉద్దేశంతో అనం. గిరాకీ మొహం చూసి లేదనలేక రేపంటాం. రేపటికి ఇంకో బండి వస్తుంది, రోడ్డు మీద ఆగిపోయిన బండి, అది ముందు. అంబాసిడర్ ఎక్కడికీ పోదు, మూలన ఉంటుంది. ఆయన కూడా ఎక్కడికీ పోడు. వారానికి రెండుసార్లు పొద్దున రైలుకు దిగి, డబ్బాలో తానే కలుపుకున్న చిత్రాన్నం తెచ్చుకుని, చెప్పులు విడిచి, మూలన కూర్చునేవాడు. ఒక్కరోజూ గట్టిగా అడిగింది లేదు. గట్టిగా అడిగుంటే బాగుండేది. మెత్తటి మనిషిని రేపు అని తిప్పడం చాలా సులభం, నేను తిప్పాను.

పాత సామాను అంగట్లో ఒక డీజిల్ ఇంజను దొరికేసరికి మూడు నెలలు. దానికి పాత రేడియేటర్ చాలదు. ఇంజను వేడిని నీళ్లతో చల్లార్చే డబ్బా కదా, ఇంజను పెద్దదైతే డబ్బా పెద్దది కావాలి. తూకానికి పడేసిన ఒకటి తెచ్చాను. దాని రేకులన్నీ వంగి, ఒకదానికొకటి అతుక్కుని, గాలి దూరే సందు లేదు. ఇది పనికిరాదు, ఇంకోటి చూస్తానన్నాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని గోరుతో గీసి చూశాడు. మగ్గంలో దారాలు దూరే అచ్చు కూడా ఇట్లనే ఉంటాదప్పా, అన్నాడు.

మూడు రోజులు వరసగా వచ్చాడు. కండ్లద్దాలు ముక్కు కొసకు దింపుకుని, చీరల పనికి వాడే సన్నటి సూదితో ఒక్కో రేకునూ లేపి నిలబెట్టాడు. వేల రేకులు. నేను ఒక కారుకు బ్రేకులు మార్చేలోపు ఆయన బెత్తెడు మేర పూర్తి చేసేవాడు. మూడో రోజు సాయంత్రం దాన్ని వెలుతురుకు పట్టి చూపించాడు. అటువైపు రోడ్డు మీద పోయే సైకిళ్లు కూడా కనిపించాయి. కొత్తది కూడా అంత తిన్నగా ఉండదు. నేను గొప్ప పనివాణ్ణని నాకు పొగరుండేది. ఆరోజు కొంచెం దిగింది.

కొత్త ఇంజను పొడుగు, ఫ్యాను పోయి రేడియేటర్‌కు తగులుతుంది. ముందరి రేకు కోసి, రేడియేటర్‌ను నాలుగు వేళ్లు ముందుకు జరిపి, కొత్త పట్టీలు వెల్డింగు చేసి కూర్చోబెట్టాం. నేను బోల్టు బిగిస్తుంటే ఆయన రెండు చేతులతో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నీళ్లు పోసి ఇంజను తిప్పితే అరగంటైనా వేడి ముల్లు సగం దాటలేదు. అప్పుడు ఆయన ఒంటిగంట కాకపోయినా ఇంటికి ఫోను చేశాడు. ఏమీ మాట్లాడకుండా ఫోనును ఇంజను దగ్గర పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. తర్వాత చెవికి ఆనించుకుని, విన్న్యావా, అన్నాడు. ఆ మొహం చూసి నేను రెండు వారాల్లో బండి ఇస్తానన్నాను. మళ్లీ అబద్ధమే.

మిగిలింది షాఫ్ట్. ఇంజను తిప్పే తిప్పుడును వెనక చక్రాలకు చేరవేసే పొడుగాటి ఇనుప గొట్టం, బండి పొట్ట కింద ఉంటుంది. పాత గొట్టం కొత్త ఇంజనుతో వచ్చిన గేర్‌బాక్సుకు పొడుగైంది. కొలత తీసి, లేత్ షాపులో కోసి, మళ్లీ అతికించాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ గొట్టం ముందు కొస గేర్‌బాక్సు లోపలికి దూరి ఉంటుంది. బండి మీద బరువు పడి వెనక స్ప్రింగులు అణిగినప్పుడు గొట్టం ముందుకు జరుగుతుంది. జరగడానికి లోపల ఒక అంగుళం చోటు వదలాలి. అందుకే నేను కొలత తీసేముందు బండిలో నలుగురిని కూర్చోబెడతాను, మనుషులు దొరక్కపోతే ఇసుక మూటలు వేస్తాను. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా గురువు తిట్లతో నేర్పాడు.

ఆ కొలత తీయడానికి నాకు గంట చాలు. ఆ గంటను నేను నలభై రోజులు రేపన్నాను. రొద్దంలో ముసలామె గంజి తప్ప తీసుకోవడం లేదని ఈలోపు కబురొచ్చింది. ఆయన ఆ సంగతి చెప్పాడు కూడా, కండ్లద్దాలు తుడుచుకుంటూ, తొందరపెట్టకుండా. ఆ వారం రొళ్లలో మా బంధువుల పెండ్లి ఉంటే మూడు రోజులు నేను పోయాను.

నేను లేనప్పుడు ఆయన వచ్చాడు. లేత్ షాపాయన తర్వాత చెప్పాడు. ఆయన ఒక్కడే బండి కింద దూరి, జేబులో దాచుకున్న పట్టుదారాలను కలిపి పేని, గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్ వరకు కట్టి, వేలితో మీటి చూశాడట. కొంచెం వదులనిపిస్తే మళ్లీ విప్పి కట్టాడట. మీటితే గణగణలాడేదాకా కట్టి, రెండు కొసల్లో ముడులేసి, ఆ దారం తెచ్చి లేత్ షాపాయనకు ఇచ్చాడు. వెంట్రుకవాసి తేడా రాకుండా కొయ్యమన్నాడు. పట్టు నేసేవాడికి వదులంటే రోత. నిలువుదారాల పడుగు వదులైతే గుడ్డ ముడతలు పడుతుంది, నెల కష్టం బూడిదపాలు. పుట్టినప్పటి నుంచి బిగించడమే నేర్చుకున్నవాడు అంగుళం ఖాళీ వదలాలని ఎట్లా అనుకుంటాడు? బండి కూడా ఖాళీగా ఉంది, లోపల మనిషి లేడు.

నేను పెండ్లి నుంచి వచ్చేసరికి షాఫ్ట్ బండికి ఎక్కి ఉంది. లేత్ షాపాయన తోడుపట్టి బిగించాడు. అతుకు కనపడనంత నున్నగా ఉంది. ఆయన బండి పక్కన నిలబడి నా మొహం చూస్తున్నాడు. నేను కిందికి దూరి గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకు తోశాను. కదలలేదు. మళ్లీ తోశాను. ఇసుమంత కూడా కదలలేదు.

నాకు తెలిసిపోయింది. ఆ క్షణంలోనే తెలిసింది. ఇది బండి కింద పడుకుని ఉన్నప్పటి మాట, ఇప్పుడు కల్పించుకుంటున్నది కాదు.

చెప్పాలి కదా. విప్పి, అంగుళం కోసి, మళ్లీ అతికిస్తే ఇంకో నాలుగు రోజులు. నాలుగు రోజులే. కానీ నాకు రోషం వచ్చింది. నా షెడ్డులో, నా బండికి, నన్ను అడగకుండా కొలత తీస్తాడా, చీరలు నేసుకునేవాడు. అది ఒకటి. ఆ బండి అంటే మొహం మొత్తి ఉంది, అది రెండు. ముగ్గురు బక్క మనుషులు, ముప్పై స్పీడు, ఏమవుతుందిలే అనుకున్నాను, అది మూడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ బాగుంది అన్నాను. ఆయన మొహం పెండ్లికొడుకు మొహంలా అయింది. ఖాళీ బండిని నేనే సోమందేపల్లి దాకా తోలుకుపోయి వచ్చాను. వణుకు లేదు, చప్పుడు లేదు. అంత నున్నగా నడిచిన అంబాసిడర్‌ను నేను చూడలేదు. తాళం చెవి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కూడా గోరుతో గీసి చూసుకుని జేబులో వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున వాళ్లు బయల్దేరారు. వెనక సీట్లో పరుపు, దాని మీద ఆమె. కాళ్ల దగ్గర పక్కింటామె. ముందర ఆయన పక్కన పక్కింటామె భర్త, ఆమెను ఎత్తి దించడానికి. డిక్కీలో బియ్యం మూట ఒకటి, వేరుశనగ బుడ్డల మూటలు రెండు, బెల్లం. రెండేండ్ల తర్వాత పుట్టింటికి పోతూ చేతులూపుకుంటూ పోతారా ఎవరైనా? నాకు అది తట్టలేదు. ముగ్గురు బక్క మనుషులను లెక్కేశాను గానీ నాలుగో మనిషినీ మూటలనూ లెక్కెయ్యలేదు.

పెనుకొండ దాటేదాకా బాగానే పోయారు. రొద్దం రోడ్డుకు తిరిగాక కాలవ మీద ఒక చిన్న మోరీ, దాని మీద దిమ్మెలాగా ఎత్తు. వెనక స్ప్రింగులు ఒక్కసారిగా అణిగిన చోట గొట్టానికి ముందుకు జరగడానికి దారి లేక, గేర్‌బాక్సు వెనక మూతిని పగలగొట్టింది. బండి తన్నినట్టు ఆగింది. ఆమె పరుపుతో సహా రెండు సీట్ల మధ్య సందులో పడింది.

ఫోనొస్తే నేను జీపు తీసుకుని పోయాను. పదకొండు గంటల ఎండ. బండి కింద నల్లగా ఆయిలు మడుగు. కిటికీలకు చీర కట్టారు. ఆమెను ఎట్లాగో పైకెత్తి పడుకోబెట్టారు, మొహం సీటు వైపు తిప్పుకుని ఉంది. ఆయన బయట నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆమె మడమ పట్టుకుని ఉన్నాడు. ఆమె మూలగడం లేదు. పక్కింటి మొగుడూ పెళ్లాలు ఉన్నారు కదా, ఇప్పుడు నేను కూడా వచ్చాను.

నేను కిందికి దూరి చూసి, పైకొచ్చి ఏం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. అరిచాను. ఎవడు కోసినాడు దీన్ని, అంగుళం ఖాళీ వదలాలని తెలీదా ఎవనికీ, అని రోడ్డంతా వినపడేట్టు అరిచాను. భయం వేసినప్పుడు నా నోరు అట్లాగే లేస్తుంది. ఆయన మడమ మీద నుంచి చెయ్యి తియ్యకుండానే, నేనేప్పా కొలత తీసింది, అన్నాడు.

చివరికి ఆంబులెన్సే వచ్చింది. ఆమెను బల్ల మీదికి మారుస్తుంటే ఒకే ఒక్కసారి అరిచింది. యాడికి అని డ్రైవరు అడిగితే ఈయన రొద్దం అన్నాడు. పన్నెండు కిలోమీటర్లే, ఈ దోవనే అని చెయ్యి చూపించాడు. ఈ స్థితిలో ఉన్న మనిషిని ఆస్పత్రికి తప్ప ఇంకెక్కడికీ తీసుకుపోకూడదని వాళ్లు నెమ్మదిగానే చెప్పారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. బండి వెనక్కి తిరిగింది. పెనుకొండలో సూది వేయించి, అక్కడి నుంచి అనంతపురం తీసుకుపోయారు. బియ్యం మూట, బుడ్డలు, బెల్లం నా జీపులో మిగిలిపోయాయి.

తొమ్మిదో రోజు రొద్దంలో ముసలామె పోయింది.

ఆయన మళ్లీ నా షెడ్డుకు వచ్చింది ఇంకో నెల తర్వాత. బస్సులో వచ్చాడు. ఆమె ఇంటికొచ్చిందట, ఇప్పుడు పది నిమిషాలు కూడా కూర్చోలేకపోతోందట. ముసలామె పోయిన రోజు తాను అనంతపురం ఆస్పత్రిలోనే ఉన్నానన్నాడు. బండి నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, నాకొద్దు, అన్నాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి మూలన కూర్చున్నాడు గానీ దారాల మూట ముట్టుకోలేదు.

నేను ఒక బుద్ధి తక్కువ మాట ఎత్తాను. ఆమె మంచం మీద ఉంది సరే, నువ్వన్నా చివరి చూపుకు పోయుండాల్సిందన్నా, అత్త పోతే అల్లుడు పోకపోవడమేంది, ఊళ్లో ఏమనుకుంటారు, అన్నాను.

"అత్త కాదప్పా," అన్నాడు. "మా అక్క."

నాకు మొదట అర్థం కాలేదు. మా వైపు మేనమామను చేసుకోవడం ఇంటింటా ఉన్నదే. అయినా పదకొండు నెలల్లో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వాళ్లమ్మ, వాళ్లమ్మ అనే అన్నాడు ఎప్పుడూ. అమ్మ పోయినప్పుడు ఆయనకు మూడేండ్లట. ఎత్తుకుని తిరిగి, అన్నం పెట్టి, మగ్గం గుంటలో కూర్చోబెట్టి తొలి పోగు పట్టించింది ఆ అక్కేనట. తన కూతురిని ఆయనకే ఇస్తానని పట్టుబట్టి ఇచ్చింది కూడా ఆమే.

నేను లెక్క వేశాను. ధర్మవరం నుంచి రొద్దానికి పెనుకొండలో బస్సు మారితే రెండు గంటలు. నా షెడ్డులో ఆ మూలన కూర్చున్న రోజుల్లో ఏ రోజైనా పోయి చూసి సాయంత్రానికి ఇల్లు చేరుండొచ్చు. ఎన్నిసార్లైనా పోయుండొచ్చు. ఎందుకు పోలేదన్నా, అని అడిగాను.

"దాన్ని ఈడ పండబెట్టి నేనొక్కణ్ణే పోయి మా అక్కను చూసొస్తే, వచ్చి దానికి ఏమని చెప్పేదప్పా? ఇద్దరమూ పోదామనుకుంటిమి. బండి అయితాది గదా అనుకుంటిమి."

బండి అవుతుంది కదా. నలభై రోజులు నేను రేపన్న ఒక్క గంట పని.

ఆ తర్వాత ఆయన లేచి, మూలన పడేసి ఉన్న షాఫ్ట్ దగ్గరికి పోయాడు. యాడ తప్పింది చూపించు, అన్నాడు. చూపించాను. గేర్‌బాక్సు పగిలిన మూతి, గొట్టం కొస, లోపల ఉండాల్సిన చోటు, బరువు పడితే ఏం జరుగుతుందో, అన్నీ వరసగా చెప్పాను. పాఠం మాత్రం శ్రద్ధగా చెప్పాను. ఆయన గొట్టం కొసను గోరుతో గీసి చూస్తూ విన్నాడు. బిగువుగా ఉంటేనే మంచిదనుకుంటి, అన్నాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. నన్ను పట్టుకోవాలని అడిగిన చూపు కాదు. రాత్రుళ్లు నిద్ర పట్టనివాడి చూపు.

"ఆ పొద్దు నువ్వు కింద దూరి చూస్తివి గదప్పా. నీకు తెలిసిందా?"

తెలిసింది అనాలి. నోటి దాకా వచ్చింది. ఆయన తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. చేసేవాడు కాదని నాకు తెలుసు. తిట్టని మనిషి ముందు నిజం చెప్పి నిలబడడం నా వల్ల కాలేదు.

"తెలీలేదన్నా," అన్నాను. "నాకూ తెలీలేదు."

ఆయన చాలాసేపటి నుంచి ఆపుకున్న ఊపిరి వదిలినట్టు వదిలాడు. వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకే తెలీకపోయినాక నాకేం తెలుస్తాదిలే," అన్నాడు. "ఇంటికి పోయి దానికి ఈ మాట చెప్తా." కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, వేళ్ల సందులు తుడుచుకుని, చెప్పులేసుకుని నిమ్మళంగా బస్టాండు వైపు నడిచిపోయాడు.